పది నిమిషాలు ముందు

ఆ వీధిలో ఎవరింట్లో గడియారం చూసినా పది నిమిషాలు ముందుంటుంది. అదంతా గడియారాలాయన పుణ్యం. రిపేరుకి వచ్చిన ప్రతి గడియారాన్నీ పది నిమిషాలు ముందుకి జరిపి ఇవ్వడం వాళ్ళ నాన్న నాటి అలవాటు. దగ్గర్లోనే స్టేషను ఉంది, మన చేతిలో పడ్డ గడియారం వల్ల ఎవరికీ రైలు తప్పకూడదన్నది ఆ పెద్దాయన పట్టుదల. ఉద్దేశం బంగారం లాంటిదే గానీ ఒరిగిందేమీ లేదు. వీధి వీధంతా ఆ పది నిమిషాలు మనసులో తీసేసుకొని, ఎప్పటిలాగే ఆయాసపడుతూ వెళ్ళి రైలెక్కేది. తండ్రి పోయాక కూడా కొడుకు చేతులు ఆ పని మానలేదు. అలవాటు పడ్డ చేతులు బుర్రని అడిగి చేస్తాయా ఏమన్నా.

ఆ చేతులే తొమ్మిదేళ్ళ కిందట ఒక అలారం గడియారాన్ని తుడిచి, నూనె వేసి, కీ ఇచ్చి తమ్ముడి చేతిలో పెట్టాయి. అప్పట్లో తమ్ముడు ఉద్యమంలో ఉన్నాడు. ఎందుకురా ఇది అని అడిగితే దాచకుండా చెప్పాడు. రికార్డుల ఆఫీసులో పెట్టే బాంబుకి. ఊళ్ళో పోలీసులు ఎవరెవర్ని పట్టుకెళ్ళాలో ఆ జాబితాలన్నీ ఉండేది అక్కడే.

"ఆరింటికల్లా ఊడ్చే ఆవిడ తాళం వేసి వెళ్ళిపోతుంది. నేను ఆరూ అయిదుకి పెడతాను. చీమ కూడా చావదు అన్నయ్యా" అన్నాడు.

అన్నయ్య నమ్మాడు. నమ్మక చస్తాడా, చంకనేసుకొని పెంచినవాడాయె.

అది అయిదూ యాభై అయిదుకి పేలింది. ఆ సమయానికి ఊడ్చే ఆవిడ మెట్ల మీద తడిగుడ్డ పెడుతోంది.

ఆ పది నిమిషాలు ఎవరివో గడియారాలాయనకి వార్త వినగానే తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. తిండి మానేశాడా అంటే అదీ లేదు. తిన్నాడు, పడుకున్నాడు, కొట్టు తెరిచాడు. కాలు తిమ్మిరెక్కితే మనదే అయినా మనది కానట్టు ఉంటుంది చూశారూ, ఆయన మనసు అలా అయిపోయింది, అంతే. ఆ తర్వాత జనం రోడ్లెక్కారు, ప్రభుత్వం పడింది, తమ్ముడు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. గడియారం ఇచ్చినందుకు అన్నకి ప్రశంసాపత్రం అద్దం కట్టించి మరీ ఇచ్చారు. ఆయన దాన్ని తలుపు వెనక తగిలించాడు. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ ఎవరికీ కనబడదు.

మొన్న ఒక మధ్యాహ్నం ఊడ్చే ఆవిడ కూతురు కొట్లోకి వచ్చింది. రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. మెడలో టేపు మెడలోనే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"కొత్త ఆఫీసు ముందు రాయి నిలబెడుతున్నారట బాబాయ్. అమరుల పేర్లలో అమ్మ పేరు కూడా చెక్కిస్తారట. 'గడియారంలో లోపం వల్ల జరిగిన పొరపాటులో' అని రాశారు. కింద నా సంతకం ఒకటి, గడియారం ఇచ్చినవాడివని నీదొకటి కావాలట."

ఆయన కాగితం చదివాడు. రాయి ఆవిష్కరించేది తమ్ముడే.

"మా అమ్మ బకెట్టు గురించి తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. అమరురాలంటే నవ్వి ఉండేది" అంది ఆ అమ్మాయి. "అయినా సరే, పొరపాటే అయితే సంతకం పెట్టేస్తాను. పొరపాట్లు ఎవరు చెయ్యరు, నేను జాకెట్టు కుడి చేతిని ఎడమ వైపు కుట్టి విప్పుకుంటూనే ఉంటాను. కావాలని చేసి ఉంటే మాత్రం మా అమ్మ పేరు వాళ్ళ రాతి మీద ఉండడానికి వీల్లేదు. వాళ్ళ మాట నాకొద్దు. నువ్వు చెప్పు, నమ్ముతాను."

పొరపాటే తల్లీ, నాదే ఆ పొరపాటు. తొమ్మిదేళ్ళుగా నాలుక చివర్నే ఉన్న మాట. కానీ తమ్ముడు ఇన్నాళ్ళూ ఆ చావు తన వల్లేనని మోస్తున్నాడు కదా, ముందు వాడికి చెప్పాలి అనిపించింది. "రేపు ఇదే వేళకి రా అమ్మా" అన్నాడు.

తమ్ముడి ఆఫీసులో అర్జీలవాళ్ళ మధ్య గంటసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. తమ్ముడు లేచి ఎదురొచ్చాడు, కుర్చీ తనే లాగి వేశాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. గోడకి అన్న ఇచ్చిన గడియారమే ఉంది.

"ఒరే, నీకొకటి చెప్పాలి. ఆ రోజు ఆవిడ పోయింది నీ వల్ల కాదురా. అలవాటు కొద్దీ ఆ గడియారాన్ని కూడా పది నిమిషాలు ముందుకి పెట్టి ఇచ్చాను. నువ్వు ఆరూ అయిదనుకున్నావు, అది అయిదూ యాభై అయిదు. తప్పు నాది. చెప్పడానికి ఇన్నాళ్ళు నోరు రాలేదు."

తమ్ముడు ఏదో అనబోయేలోపు గుమాస్తా తలుపు తోసి, మూడున్నర మీటింగుకి అందరూ వచ్చేశారన్నాడు. తమ్ముడు తలెత్తి గోడ వైపు చూశాడు. ముల్లు మూడూ ఇరవై మీద ఉంది.

"ఇంకా ఇరవై నిమిషాలుంది కదయ్యా, కూర్చోమను" అన్నాడు.

తలుపు మూసుకుంది. గడియారాలాయన గోడనీ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పుడు ఆ పది నిమిషాలు తీసేసుకొని బడి రోజుల్లో రోజూ దుప్పటి ముసుగేసింది వీడే.

"మరి ఆ రోజు తీసెయ్యలేదేం రా?"

తమ్ముడు చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"ఆరూ అయిదే కావాలనుకుంటే ఆరుంబావుకి పెట్టేవాణ్ణి అన్నయ్యా. నీ పది నిమిషాలు మనింట్లో తెలియనిదెవరికి?" అన్నాడు చివరికి. "ఖాళీ ఆఫీసు తగలబడితే పేపర్లో మూడు లైన్లు. మనిషి పోతే వాళ్ళు లాఠీలతో దిగుతారు, వాళ్ళు దిగితే జనం దిగుతారు. దిగారు. ఆ జాబితాల్లో నీ పేరు కూడా ఉంది, తెలుసా నీకు? ఇవాళ నీ కొట్టు ముందు తుపాకీ పట్టుకొని ఎవడన్నా నిలబడుతున్నాడా? జైళ్ళలో ఏడాదికి వందల మంది పోయేవాళ్ళు. ఒక్క మనిషి. లెక్క నువ్వే వేసుకో."

ఇందులో అబద్ధమేదో చెప్పమంటే గడియారాలాయన చెప్పలేడు. తుపాకీవాడు లేని మాట నిజం. పట్టుకెళ్ళిన పక్కింటివాళ్ళబ్బాయి ఇంటికి తిరిగొచ్చిన మాటా నిజమే. ఆయనకి కోపం రావాలి. రాలేదు. తొమ్మిదేళ్ళుగా భుజాన మోస్తున్న మూట తనది కాదని తెలిస్తే ఎవరికైనా తేలిగ్గా ఉండాలి, అదీ లేదు.

"ఆవిడే ఉంటుందని తెలుసా?"

"తెలుసు."

"సంతకం చెయ్యి అన్నయ్యా" అన్నాడు తమ్ముడు గుమ్మం దాకా వస్తూ. "ఆ పిల్లకి ఊరటగా ఉంటుంది. పొరపాటంటే ఎవరికీ నొప్పి ఉండదు." ఆ గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది. చిన్నప్పుడు నాన్నకి చెప్పొద్దని బతిమాలిన గొంతే.

మర్నాడు చెప్పిన వేళకి కుట్టుపనమ్మాయి వచ్చింది. కాగితం బల్ల మీదే ఉంది, పక్కన మూత తీసిన పెన్ను ఉంది. నావల్లే అనేస్తే సరిపోతుంది. నిన్నటిదాకా అది నిజమే కూడా. తమ్ముడి పరువు నిలబడుతుంది, ఈ పిల్ల నిద్రపోతుంది.

గడియారాలాయన పెన్నుకి మూత పెట్టేశాడు.

"గడియారంలో ఏ లోపమూ లేదమ్మా. పెట్టినవాడు ఎప్పుడు మోగాలనుకున్నాడో అప్పుడే మోగింది. మీ అమ్మ లోపల ఉంటుందని వాడికి తెలుసు. నిన్న నాకు వాడే చెప్పాడు."

ఆ అమ్మాయి వాడెవడని అడగలేదు. కాగితాన్ని అంచులు కలిపి, గుడ్డ మడిచినట్టు నాలుగు మడతలు పెట్టింది. మడత మీద గోరుతో గీసింది. కొట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుగా టిక్కుటిక్కుమంటున్నాయి.

"పొరపాటైతే బాగుండేది బాబాయ్" అంది.

"నాకూ అదే బాగుండేదమ్మా" అన్నాడు ఆయన.