వెనక్కి తిప్పని క్యాసెట్టు

నాకు అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. ఒత్తులు జారిపోయిన చోట మన్నించి చదువుకోండి. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. ఇక మాట్లాడేది మా ఇంటి క్యాసెట్టు.

నేను ఒక వీడియో క్యాసెట్టుని. ఏ దేశపు కర్మాగారంలో పుట్టానో తెలియదు. బొమ్మ ఎక్కింది మాత్రం మద్రాసులో. నాలో ఒక ఇంగ్లీషు సినిమా ఉంది. వేసవి సెలవులకి కుర్రకారు అడవిలో, చెరువు పక్కన గుడారాలు వేసుకుంటారు. చెక్క ముసుగువాడొకడు వచ్చి గొడ్డలితో ఒక్కొక్కళ్ళనే నరుకుతాడు. కథ అంతే.

చీరాలలో క్యాసెట్ల కొట్టు పెట్టుకున్న నాగభూషణం నన్ను కొన్నాడు. ఇంటి ముందుగది కిటికీలకి దుప్పట్లు కట్టి, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆట వేసేవాడు. ఇంగ్లీషు ఆయనకీ రాదు, చూసేవాళ్ళకీ రాదు. అందుకని టీవీ పక్కన నిలబడి కథ తనే చెప్పేవాడు.

"ఒరేయ్ పచ్చచొక్కా, ఆ పాకలోకి ఎల్లమాకరా! ఇనడే! ఎల్లాడు... పోయాడు. ఆళ్ళమ్మకి ఎవుడు చెప్తాడిప్పుడు?"

జనం పకపకా నవ్వి, మరుక్షణం కెవ్వుమనేవాళ్ళు. ఎవడెప్పుడు చస్తాడో అందరికీ కంఠతా వచ్చు. అయినా ప్రతి ఆటకీ హెచ్చరించేవాళ్ళు. మనుషులు చిత్రమైనవాళ్ళు, వినడని తెలిసినవాడికే గట్టిగా చెబుతారు.

చివర్లో చెరువులోంచి చెయ్యి లేస్తుంది. అప్పుడు లైటు వెయ్యడం ఆయన భార్య తాయారమ్మ పని.

ఆట లేనప్పుడు అద్దెకి ఊరంతా తిరిగాను. చూశాక నన్ను మళ్ళీ మొదటికి వెనక్కి తిప్పకుండా తెచ్చినవాడికి నాగభూషణం చేత అక్షింతలే.

ఒక ఏడు ఆయన గొంతు బొంగురుపోయింది. రోజూ అరవలేక, ఒక ఆటలో మైకు తగిలించి తన మాటలు నా మీద ఎక్కించేశాడు. ఇంగ్లీషు గొంతులు చెరిగిపోయాయి. "పీడా వదిలింది," అన్నాడు.

తర్వాత డిస్కులొచ్చాయి, కొట్టు మూతపడింది. ఆయన పోయాక నేను తాయారమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల మధ్య చేరాను. గొడ్డలి హంతకుడికి అంత మర్యాద ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆయన గొంతు నాలో తప్ప మరెక్కడా మిగల్లేదు మరి.

మొన్న వేసవిలో ఇంతియాజ్ వచ్చాడు. ఒకప్పుడు నేలమీద కూచుని కేకలేసినవాడే. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. పాత వీసీఆర్‌నీ, కంప్యూటర్‌నీ, జుట్టు నెరిసిన ఇద్దరు స్నేహితుల్నీ వెంటబెట్టుకొచ్చాడు.

"పిన్నీ, దీనికి బూజు పట్టింది. తుడిచా గానీ, ఆడేటప్పుడు తెగినా తెగుద్ది. కంప్యూటర్లోకి ఎక్కితే ఎక్కుద్ది, లేకపోతే బాబాయి గొంతు పోయినట్టే. ఆలోచించుకో."

తాయారమ్మ నన్ను చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్లో దాచి ఏం చేసుకోనురా? మాట్లాడనీ మీ బాబాయిని."

కిర్రుమంటూ తిరిగాను. పచ్చచొక్కా పాకవైపు నడవగానే ముగ్గురు ముసలి కుర్రాళ్ళూ "ఎల్లమాకరా!" అని అరిచారు. నాగభూషణం కూడా వాళ్ళతో కలిసి అరిచాడు. బొమ్మ వణికింది, చారలు పడింది, నేను మాత్రం తెగలేదు.

చెరువులోంచి చెయ్యి లేచింది.

"తాయారూ, లైటెయ్యవే! పిల్లకాయలు జడుసుకుంటన్నారు!"

ఈసారి కిటికీలకి దుప్పట్లు లేవు. గది నిండా ఎండే. అయినా తాయారమ్మ లేచి వెళ్ళి స్విచ్చి వేసింది.

ఇంతియాజ్ కంప్యూటర్ చూసి, "మొత్తం ఎక్కింది పిన్నీ. వెనక్కి తిప్పనా? లేకపోతే బాబాయి తిడతాడు," అన్నాడు.

"తిట్టనీరా. అక్కడే ఉండనీ."

మళ్ళీ ఆ పట్టుచీరల మధ్య, ఆయన ఆమెని పిలిచిన చోటే ఆగి ఉన్నాను.

గోలి తాయారమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఉండేది చీరాలలో, ఆ ముందుగది ఉన్న ఇంట్లోనే.