పడవలో ఒక్కరు

"ఏమోయ్, రేవులో మంచినీళ్ళ కుళాయి ఉందట. మనం ఆ బట్టలు ఉతికేసుకుందాం," అన్నారు మావారు. పెద్ద పడవకి లంగరు వేసి, చిన్న పడవలో అప్పుడే ఒడ్డుకి చేరాం.

ఆయన వ్యాకరణం నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. చాకిరీ అంతా ‘మనం’. మనం గిన్నెలు తోముకోవాలి, మనం అమ్మకి మందులివ్వాలి. ఆ ‘మనం’లో ఆయన ఏనాడూ లేరు. ఘనకార్యాలు మాత్రం ‘నేను’. ఇల్లు నేను కట్టాను, పిల్లని నేను చదివించాను, సముద్రం నేను దాటాను. రిటైరయ్యాక తెరచాప పడవ కొంటానంటే, పోనీ వంటిల్లు తప్పుతుందని సంబరపడ్డాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. ఈ వంటిల్లు ఊగుతుంది కూడా. "వాడి సరదాకి అడ్డు చెప్పకమ్మా, జీవితమంతా కష్టపడ్డాడు," అన్నారు అత్తగారు. నేనేదో జీవితమంతా కాలు మీద కాలేసుకు కూర్చున్నట్టు.

ఇది నాలుగో దీవి. మొదటి మూడింట్లో నేను చూసినవి కుళాయిలే. ఆయన తిరిగొచ్చి, "అబ్బ, చూసి తీరాల్సిన చోటు," అని చెప్పేవారు. ఈసారి నాకూ చూడాలనుంది. ఎండకి వెలిసిన నీలం తలుపులు, గట్టు మీద ఆరేసిన వలలు, మలుపు తిరిగి పైకి పోయే మెట్లదారి. ఆ మలుపు అవతల ఏముందోనని ప్రాణం పీకుతోంది. కాళ్ళు మాత్రం నావి కావు. నిన్నటి గాలికి ఆయన కడుపులో తిప్పి పడుకుంటే, చుక్కాని పట్టుకుని ఆరు గంటలు నిలబడ్డాను.

రేవు ఆఫీసులో గుమస్తా నా ఈడు మనిషే. రిజిస్టరు తెరిచి, "పడవలో ఎంతమంది?" అని అడిగింది.

"నేనొక్కణ్ణే నడుపుకొచ్చానండి," అన్నారాయన చొక్కా సర్దుకుంటూ.

బట్టల మూట వెనక నేను ఆమెకి కనబడినట్టు లేదు. ‘ఒక్కరు’ అని రాసుకుంది. ఆయన దిద్దలేదు. ఆయనకది తప్పుగా తోచి ఉండదు కూడా.

బయటికొచ్చి టోపీ పెట్టుకున్నారు. "మనం ఇది కానిచ్చేలోపు, నేనలా పైదాకా వెళ్ళి చూసొస్తాను."

మెట్లెక్కి మలుపులో మాయమయ్యారు. కోపం రావాల్సింది. రాలేదు. ఎముకల్లోంచి అలసట వచ్చింది. మూట తీసుకెళ్ళి చిన్న పడవలోనే పెట్టేసి, మళ్ళీ ఆఫీసులోకి నడిచాను.

"ఇక్కణ్ణించి మనుషుల్ని ఎక్కించుకునే లాంచీ ఏదైనా ఉందాండీ?"

"రేపు పొద్దున ఉంది. ఈ రాత్రికి గది కావాలంటే పైన దొరుకుతుంది. మీరు ఏ పడవలో వచ్చారు?"

కిటికీలోంచి చూపించాను. ఆమె నాలుక కరుచుకుంది.

"అయ్యో, ఇందాకటాయనతోనా? ఒక్కణ్ణేనంటే అలాగే రాసేశాను. ఉండండి, ఇద్దరని దిద్దుతాను."

కలం మీద చెయ్యి వేసి ఆపాను.

"దిద్దకండి," అన్నాను. "ఆయన చెప్పిందే నిజం."