హవాయి చెప్పు ముక్క

మెకానిక్కు హుస్సేన్ బాషా బండి పక్క తలుపు లోపలి అట్ట ఊడదీసి గోడకి ఆనించాడు. తవిటయ్య బీడీ ముట్టించుకుని దూరంగా నిలబడ్డాడు. ఏడాదిగా ఆ పక్క సీటులో అతను ఎవరినీ కూర్చోనివ్వలేదు.

బండి రొయ్యల వ్యాపారి గురునాథరావుది. తవిటయ్య దానికి డ్రైవరు. హార్బరు పనులకొచ్చిన విదేశీ కంపెనీ పోతూ పోతూ అమ్మేసిన పాత పికప్పు. స్విచ్చి నొక్కితే అద్దం దానంతటదే దిగేది. ఏడాది కిందట పక్క తలుపు మోటారు కాలిపోయింది. అలాంటిదే ఇంకోటి మద్రాసులో పాత కార్లు విప్పేవాళ్ల దగ్గర దొరికితే ఇవాళ బిగింపు.

"పాడు సేసినోడు బాగానే ఉన్నాడు. యారాడలో వలేసుకుంటన్నాడు," అన్నాడు తవిటయ్య.

"మళ్లీ అదే మాటా అన్నా? సొంత బావమరిది గదా!"

"సొంత అక్కని సంపుకున్నోడికి బావేటి?"

ఆ మాట అతను భార్య కాశమ్మ శవం దగ్గరే అన్నాడు. ఆ రోజు కాశమ్మ యారాడలో పుట్టింట్లో ఉంది. పొద్దున్నే తవిటయ్య బండిని ఆమె తమ్ముడు వరహాలుకి అప్పగించి, తను గురునాథరావు చెప్పిన వేరే పనిమీద బస్సెక్కి పోయాడు. మధ్యాహ్నం కాశమ్మకి ఆయాసం ఎక్కువైంది. వరహాలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగి ఆస్పత్రికి తోలాడు. చేరేసరికి ప్రాణం లేదు.

"గాలి, గాలి అంది బావా. నొక్కితే అద్దం దిగనేదు. అద్దం మూలకి సెయ్యి సూపించింది, నాకేటీ తెలీనేదు," అని వరహాలు నేలమీద పడి ఏడ్చాడు.

"నానిచ్చినప్పుడు బాగానే ఉంది. నీ పక్కది దించుకున్నావు, దాని పక్కది మూసీసినావు. ఇప్పుడు దొంగేడుపు!" అన్నాడు తవిటయ్య, ఊరందరి ముందూ. పాడె ముట్టనివ్వలేదు. దినానికి రానివ్వలేదు. రేపు సంవత్సరీకం. దానికీ కబురు పంపలేదు.

బాషా ముందు అద్దాన్ని ఎత్తి దించే పళ్లచక్రం కదలకుండా బోల్టు దోపి బిగించాడు. "దూరం అన్నా! ఈ స్ప్రింగు ఎగిరిందంటే నీ యేళ్లు ఏరుకోవాల." తర్వాత మోటారు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది అరిగి పోనేదు. అద్దం ఎక్కడో పట్టీసింది. అయినా ఎవులో వదలకుండా నొక్కినారు. అలాగైతేనే ఇలా మాడుద్ది."

తవిటయ్య బీడీ ఆరిపోయింది. "ఎవులు నొక్కుతారు?"

"నాకేటి తెలుసు? ఎవులో బాగా కంగారులో ఉన్నోడు."

బాషా పటకారు లోపలికి పోనిచ్చి, అద్దం జారే గాడిలోంచి ఏదో లాగాడు. అది కింద పడకముందే తవిటయ్య పోల్చుకున్నాడు. నీలం రబ్బరు. ఒక పక్క మడమ అరిగిన పల్లం.

ఆ పొద్దున యారాడలో తనే కోశాడు. ముందురోజు పోర్టు రోడ్డులో అద్దం గడగడలాడి ఎర్రదుమ్మంతా లోపలికొచ్చిందని, కాశమ్మ పాత చెప్పు కోసి, అద్దం మూల స్క్రూడ్రైవరుతో దోపాడు. కాశమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. "నా సెప్పే దొరికిందేటి నీకు?" అని నవ్వింది కూడా. ఆ తర్వాత ఆ ముక్క సంగతే అతనికి గుర్తు రాలేదు.

మూలకి చెయ్యి చూపించింది అందుకే. ఆమెకి తెలుసు. చెప్పడానికి ఊపిరి లేదు.

"ఇదెవుడి పనో గానీ!" అని బాషా దాన్ని పారెయ్యబోయాడు. తవిటయ్య చెయ్యి చాపాడు.

కొత్త మోటారుతో అద్దం చప్పుడు లేకుండా దిగింది. అద్దాన్ని అలా దించే ఉంచి తవిటయ్య యారాడ పోయాడు.

వరహాలు ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"రేపు సంవత్సరీకం. రా," అన్నాడు తవిటయ్య.

"నానొత్తే కాకి ముడతాదేటి? సంపినోణ్ణి గదా."

తవిటయ్య జేబులోంచి రబ్బరు ముక్క తీసి వల మీద పెట్టాడు. వరహాలు దాన్ని తిరగేసి చూశాడు.

"ఇది అక్క సెప్పు."

"అద్దం మూల నానే దోపినాను. ఆ పొద్దున."

కెరటం వచ్చి వెళ్లింది. వరహాలు తిడతాడని, కొడతాడని చూశాడు తవిటయ్య. కొడితే బాగుండుననిపించింది.

"నన్నన్నప్పుడు ఊరంతా ఇన్నాది. ఇప్పుడు ఇక్కడ ఎవులున్నారు? నువ్వూ నానూను," అన్నాడు వరహాలు.

"రేపు అందరూ ఉంటారు. అందరి ముందూ సెప్తాను."

"సెప్పు. సెప్పినావని నాకు కబురొత్తే, అప్పుడు సూత్తాను వొచ్చేదీ నేందీ."

మళ్లీ వల అందుకున్నాడు. ఆ ముక్కని మాత్రం వెనక్కివ్వలేదు. లుంగీ మడతలో దోపుకున్నాడు.