ఖాళీ బండి తూకం

"ముందు చక్రం గీత లోపలికి! లోపలికయ్యా, గీత మీదికి కాదు!"

కాటా గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. పొద్దుటినుంచి ఇది పదిహేడో లారీ. బండి ఇనుప పలక మీద కుదురుకుంది. ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. చీటీ చింపి డ్రైవరు చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో బరువంతా తూచి పంపుతున్నవాడికి తన బరువెంతో మొన్నమొన్న డాక్టరు చెబితే గానీ తెలియలేదు. నూట ముప్పై ఆరు.

అప్పటినుంచి బరువు తగ్గడానికి వారానికో సూది. పన్నెండు అయ్యాయి. ఆకలి చచ్చింది. మోకాళ్ళు తేలికపడ్డాయి. చుట్టూ ఉన్న మనుషులే బరువెక్కారు.

ఇదివరకు రెండోసారి వడ్డించమంటే "ఇంకా ఎక్కడ పడుతుందండీ" అనే పెళ్ళాం, ఇప్పుడు నాలుగు ముద్దలకే చెయ్యి కడిగితే "నా వంట చేదైపోయిందా" అని కళ్ళొత్తుకుంటుంది. బావమరిది నోటినిండా కుక్కుకుని, "సూదితో తగ్గడం కూడా ఒక తగ్గడమేనా బావా? నోరు కట్టుకోవాలి గానీ" అంటాడు. అక్క ఫోను చేసి, "మొహం పీక్కుపోయిందటగా, ఏ రోగం దాస్తున్నావురా" అని శోకాలు. మనసు బాగాలేకపోతే చెయ్యమని నర్సు ఒక నంబరిచ్చింది. చేస్తే పద్నాలుగు నిమిషాలు సంగీతం. తర్వాత ఒకమ్మాయి, "ఒకటి నుంచి పది దాకా మీ బాధ ఎంతండీ?" అంది. "కాటా ఎక్కి చూసి చెప్తా" అని పెట్టేశాడు.

దిగులొచ్చినా సంతోషమొచ్చినా తినడమొక్కటే తెలిసిన మనిషి. ఇప్పుడు దిగులొస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ మాట ఎవరికి చెబుతాడు?

ఒక్క సిమెంటు లారీ పెద్దాయనకి చెప్పొచ్చు. ఆయనదీ అదే సూది, అదే ఆస్పత్రి. వీళ్ళిద్దరూ కూర్చుంటే మూడోవాడికి చోటులేని బల్ల మీదే పరిచయమైంది. మంగళవారం పదకొండింటికి ఖాళీ బండితో వచ్చేవాడు. మొదటి వారం ఇద్దరూ కాటా గదిలో చొక్కాలెత్తుకుని, ఎవరి సూది వాళ్ళు పట్టుకుని అరగంట కూర్చున్నారు. ఎవరి పొట్టలో వాళ్ళు పొడుచుకునే ధైర్యం ఒక్కడికీ లేదు.

"ఇలా కాదు తమ్ముడూ. నీది నేను పొడుస్తా, నాది నువ్వు పొడు" అన్నాడు పెద్దాయన. "ఇటు చూడకు. బయట ఎన్ని బళ్ళున్నాయో పైకి లెక్కపెట్టు."

నాలుగు అనేసరికి పని అయిపోయింది. పన్నెండు మంగళవారాలూ అంతే.

తూకమప్పుడు డ్రైవరు దిగాలని గోడ మీద రాసి ఉంది. పెద్దాయన దిగేవాడు కాదు. ఆ కాటాకి పది కిలోల లోపు తేడా కనబడదు. మొదట్లో ఖాళీ బండీ ఆయనా కలిసి తొమ్మిది వేల నాలుగువందల ఎనభై. పోయిన వారం తొమ్మిది వేల నాలుగువందల యాభై.

"చూశావా, ముప్పై తగ్గా!"

"అది డీజిలు అన్నా."

"నీ మొహం. పొద్దున్నే ట్యాంకు నింపా."

ఆ రోజే గుమాస్తా తేల్చి చెప్పాడు. "ఇంక నావల్ల కాదన్నా, మానేస్తా. ఇంట్లో పడలేకపోతున్నా." పెద్దాయన నీతులు చెప్పలేదు. "మానేద్దువుగాని. వచ్చే వారంది పొడిచాక మాట్లాడదాం" అన్నాడు.

ఇవాళ పదకొండు దాటింది. పన్నెండు కొట్టింది. గుమాస్తా తిట్లన్నీ కూడగట్టుకుని కూర్చున్నాడు. పన్నెండున్నరకి సిమెంటు లారీ వచ్చి, ఒక్క కేక అవసరం లేకుండా గీత లోపల ఆగింది. అంకెలు నిలిచాయి. తొమ్మిది వేల మూడువందల తొంభై.

"ఏంటన్నా, వారంలో అరవై కిలోలా! ఇది కూడా నువ్వేనంటావా, డీజిలు కాదంటావా?" కిటికీలోంచి అరిచాడు. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు.

దిగినవాడు పెద్దాయన కాదు. బక్కపలచటి మనిషి, నెరిసిన గడ్డం.

"ఆయన లేరు సార్. శనివారం దారిపక్కన ఆపి టార్పాలిన్ తాడు బిగిస్తుంటే, వెనకనుంచి వేరే బండి వచ్చి ఆయన్ని కొట్టేసింది. అక్కడికక్కడే." చిన్న ఐసు పెట్టె ఒకటి కిటికీలో పెట్టాడు. "ఆయన సూది ఇంట్లో ఫ్రిజ్‌లో ఉందట. వాళ్ళావిడ దీంట్లో పెట్టిచ్చారు. మంగళవారం కాటా తమ్ముడి దగ్గరికి వెళ్ళాలి అంటుండేవారట. మీరేనా?"

గుమాస్తాకి ఒళ్ళు మండిపోయింది. మనవరాల్ని ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కాలని పన్నెండు పోట్లు పొడిపించుకున్నాడు కదా ఆ పెద్దాయన. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోలేకపోయాడా!

"చెప్పడానికి మంగళవారం దాకా ఆగాలా? ఒక ఫోను కొట్టలేకపోయారా?" అని ఆ బక్కమనిషి మీద విరుచుకుపడ్డాడు. అతను తల వంచుకుని, చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు.

గుమాస్తా గది తలుపు మూశాడు. తన సూది తీసి చొక్కా ఎత్తాడు. దించేశాడు. మానేద్దువుగాని, ఇది పొడిచాక మాట్లాడదాం. ఇంకెవరితో మాట్లాడతాడట?

మళ్ళీ చొక్కా ఎత్తి, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఒకటి."

బయట హారన్లు మోగాయి.

"ఆగండెహె, లెక్కపెడుతున్నా! రెండు. మూడు."

నాలుగో బండి ఉందో లేదో సరిగా కనబడలేదు. అయినా "నాలుగు" అన్నాడు.

తలుపు తీశాడు. "ఊఁ, రా! ముందు చక్రం గీత లోపలికి!"

కిటికీలో పెద్దాయన ఐసు పెట్టె అలాగే ఉంది. మంచు కరిగి అడుగునుంచి నీళ్ళు కారి చీటీల కట్టని తడుపుతోంది. లోపల, మూత తియ్యని సూది.