మూడో సిలిండరు చప్పుడు

స్క్రూడ్రైవరు మొనను ఇంజను దిమ్మ మీద, మూడో సిలిండరు పక్కన ఆనించి, దాని కొయ్య పిడిని కుడి చెవి ముందున్న ఎముకకు అదిమి పెట్టుకున్నాడు మేస్త్రి. కళ్లు మూసుకున్నాడు. ఇంజను తిరుగుతోందని బానెట్టు అదురు చెబుతోంది. మొహానికి కొడుతున్న వేడిగాలి చెబుతోంది. చెవి మాత్రం ఏమీ చెప్పడం లేదు. పిడిని ఎడమ చెవికి మార్చాడు. గోడకు అవతల ఎవరో పిండి జల్లిస్తున్నట్టు సన్నని గరగర. అంతే.

"చప్పుడు పోయిందా అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు. అడిగిందన్న సంగతి ఆమె పెదాలను బట్టి తెలుసుకున్నాడు.

పిడిని మళ్లీ కుడి చెవికి మార్చి చూశాడు.

చెవులు పోతున్నాయన్న భయం ఈనాటిది కాదు. ఏడాదిన్నర కిందట ఒక పొద్దున చేతిగడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే అది ఆగిపోయినట్టు అనిపించింది. చూస్తే సెకన్ల ముల్లు నిక్షేపంగా తిరుగుతోంది. అప్పటినుంచి రోజూ లేవగానే, భార్య గదిలో లేకుండా చూసి, గడియారం చెవికి ఆనించుకుంటాడు. ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి. రోజూ అదే ఆశ, అదే గుండెదడ.

చుట్టుపక్కల బళ్లవాళ్లంతా అతన్ని చెవి మేస్త్రి అంటారు. వయసులో ఉన్నప్పుడు ఒకనాడు షెడ్డు గుమ్మంలో కూర్చుని అన్నం తింటూ, రోడ్డు మీద పోతున్న పికప్పు చప్పుడుకు తలెత్తి, "రెండో వాల్వు కాలుతోంది. నాలుగు రోజుల్లో మన దగ్గరకే వస్తాడు చూడు" అన్నాడు. మూడో రోజునే వచ్చాడు ఆ బండివాడు. ఆ పేరు అలా పుట్టింది. ముప్ఫై ఏళ్లు అన్నం పెట్టింది. ఇప్పుడదే మెడకు గుదిబండ అయింది. వినపడని చెవి మేస్త్రి దగ్గరకు బండి ఎవడు తెస్తాడు?

అందుకని దొంగలా బతకడం నేర్చుకున్నాడు. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. పట్టు దొరక్కపోతే "నమలకుండా చెప్పవయ్యా" అని ఎదుటివాడినే కసిరేవాడు. టీ దగ్గర అందరూ నవ్వితే తనూ కాస్త ఆలస్యంగా నవ్వేవాడు. ఒకసారి ఎవరో మరెవరినో ఉద్దేశించి "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అనడం కంటపడి, అతని చేతిలోని గ్లాసు తొణికింది. ఇంట్లో భార్య మాత్రం మురిసిపోతోంది. "వయసు మీద పడ్డాక మనిషి మెత్తబడ్డాడు. ఎన్ని మాటలన్నా తిరిగి ఒక్కటీ అనడు" అని పక్కింటావిడతో చెప్పుకుంది.

చెల్లెలిది ఇరవయ్యేడేళ్ల పాత పికప్పు. భర్త పోయాక ఆ బండినీ, మొక్కల తోటనూ తనే నడుపుకొస్తోంది. కొండ దిగువ ఊళ్లకు మొక్కలు చేరవేస్తుంది. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది అన్నే. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు చేస్తోందంటే, ఆయిలు చాలడం లేదని ఈసారి పాత పంపు తీసి పెద్దది వేశాడు, అరిగిన బేరింగులన్నీ మార్చాడు. వారం రోజుల పని.

"వెన్నలా ఉందమ్మా" అన్నాడు.

"నువ్వు విన్నానంటే ఇక నాకు దిగుల్లేదు."

మొక్కలు దించడానికి కూలికొచ్చిన ఆడవాళ్లిద్దరూ బండి వెనక నిమ్మ మొక్కల మధ్య సర్దుకుని కూర్చున్నారు. బండి షెడ్డు దాటి, కొండ దిగే దారి వైపు తిరిగి, కనుమరుగైంది.

లోపల లేతు మిషను మీద పని చేసే బామ్మర్ది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎదురుగా నిలబడ్డాడు.

"బావా, వదిన బండి ఇంజను టకటకా కొడుతోందిగా. మూడో సిలిండరు అనుకుంటా. తెలిసే పంపావా?"

"తెలుసు. కొత్త బేరింగులు కదా. కాస్త తిరిగితే సర్దుకుంటుంది."

మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే అతనికే ఒళ్లు జలదరించింది. బామ్మర్ది తలూపి లోపలికి పోయాడు. చెవి మేస్త్రే చెప్పాక ఇక తిరుగేముంది?

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. మరో బండి ఇంజెక్టరు చేతిలోకి తీసుకుని, ఎందుకు తీసుకున్నాడో మరిచిపోయి, కింద పెట్టేశాడు. కొట్టే బేరింగు సర్దుకోదు. అది అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కొట్టికొట్టి ఇంజను బిగుసుకుని ఆగిపోతుంది, లేదా పిస్టను కడ్డీ విరిగి దిమ్మను చీల్చుకుని బయటికొస్తుంది. ఆ పాత బండిలో ఇంజను ఆగిందంటే బ్రేకుకు బలం పోతుంది, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. దిగువకు ఇరవై రెండు మలుపులు. ఈపాటికి మొదటిది వచ్చి ఉంటుంది.

ఫోను చేశాడు. మోగుతోందో లేదో తెలియక, చెవి దగ్గర పెట్టుకోకుండా తెర వంకే చూస్తూ నిలబడ్డాడు. వెలిగింది, వెలిగింది, ఆరిపోయింది. నడిపేటప్పుడు ఫోను ముట్టుకోవద్దని చెల్లెలికి నూరిపోసింది తనే.

ఫోను జేబులో పడేశాడు. గోడ పట్టుకుంటూ లేతు దగ్గరకు వెళ్లాడు.

"స్కూటరు తియ్యరా. కొండదారిలో పోదాం."

"ఏమైంది బావా?"

"నాకు వినపడదురా."

బయటికి అనడం అదే మొదటిసారి. బామ్మర్ది అతని మొహంలోకి చూశాడు. లేతు ఆపడం కూడా మరిచిపోయి స్కూటరు తీశాడు.

దారి పొడుగునా మేస్త్రి బామ్మర్ది చొక్కా రెండు గుప్పిళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. వెనక నుంచి ఒక లారీ చడీ చప్పుడూ లేకుండా వచ్చి మోచేతి పక్క నుంచి దూసుకుపోయింది. అది హారను కొట్టిందో లేదో కూడా అతనికి తెలియదు. ప్రతి మలుపులోనూ ముందు పిట్టగోడ వంక చూసేవాడు. గోడ నిండుగా ఉంటే ఊపిరి పీల్చేవాడు. ఐదో మలుపులో గోడ విరిగి ఉంది. చొక్కా పట్టుకున్న గుప్పిళ్లు బిగిశాయి. విరిగిన చోట గడ్డి మొలిచి ఉండడం కనపడ్డాక గాని అతని గుండె కొట్టుకోలేదు.

ఏడో మలుపు దాటగానే బండి కనిపించింది. ముందు చక్రం కొండ వైపు కాలవలో దిగబడి ఉంది. వెనక చక్రాల కింద పెద్ద పెద్ద రాళ్లు. రోడ్డు మీద నల్లగా ఆయిలు మరక. చెల్లెలు గట్టు మీద కూర్చుని ఉంది.

కూలివాళ్లలో పెద్దామె మేస్త్రిని చూడగానే చేతులు తిప్పుతూ అంది: "దూకేద్దామనుకున్నాం మేస్త్రీ! ఈ మొక్కల ముళ్లు చీరలు పట్టుకుని వదల్లేదు, బతికిపోయాం."

ఎవరూ నవ్వలేదు. చెల్లెలు లేచి అన్నకు ఎదురుగా వచ్చి, పెదాలు కనిపించేలా మెల్లగా మాట్లాడింది.

"మొదటి మలుపులోనే చప్పుడు వినపడింది. అన్నయ్య విన్నాడుగా, నాదే భ్రమేమో అనుకున్నా. ఇంకో ఆరు మలుపులు దిగా. ఉన్నట్టుండి ఇంజను ఆగింది. రెండు కాళ్లూ పెట్టి తొక్కినా బ్రేకు కదల్లేదు. చేతిబ్రేకు లాగి కాలవలోకి తిప్పేశా."

"నాకు వినపడదమ్మా. ఏడాదిన్నరయింది."

"తెలుసు."

ఆ మాట సరిగ్గా పట్టుకున్నానా అని అతను ఆమె పెదాల వంక మళ్లీ చూశాడు.

"నా పెదాల వంక చూసి మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే తెలిసింది. నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా. కాస్తో కూస్తో వినపడుతోందనీ, మిగతాది చేత్తో తాకో, పక్కవాళ్లను అడిగో చూసుకుంటున్నావనీ అనుకున్నా." ఆమె గొంతు ఎలా ఉందో అతనికి తెలియలేదు గాని, కింది పెదవి అదరడం కనిపించింది. "చెవులు పోతే పోయాయి అన్నయ్యా. వినకుండానే విన్నానని నాతో చెబుతావనుకోలేదు."

అతను గట్టు మీద, ఆమె లేచిన చోటే, చతికిలబడ్డాడు.

ఎదురుగా పైకి పోతున్న ఒక లారీవాడు జాలిపడి బండికి గొలుసు కట్టి లాక్కొచ్చాడు. దారంతా స్టీరింగు పట్టుకుని కూర్చున్నది మేస్త్రే. అప్పుడే కంటపడింది, డాష్‌బోర్డులో గుండ్రటి చిల్లు. అందులో కుక్కిన గుడ్డ. ఆయిలు ఒత్తిడి తగ్గితే చూపే ప్రెషరు మీటరు పాడైతే తీసేసి, "నా చెవి ఉండగా నీకు ముల్లెందుకు?" అని తొమ్మిదేళ్ల కిందట గుడ్డ కుక్కింది తనే.

మధ్యాహ్నం బావా బామ్మర్దులిద్దరూ కలిసి ఇంజను విప్పారు. అడుగున ఆయిలు తొట్టి దించగానే సంగతి బయటపడింది. ఆయిలు కారకుండా తొట్టి అంచుకు పూసిన జిగురు లోపలికి ఉబికి, పోగులు పోగులుగా తెగి, ఆయిలు పీల్చుకునే జల్లెడకు బంకలా పట్టేసింది. వాడవలసింది నూలుపోగంత సన్నని పూత. అది అతనికి తెలియదా? కాని ఏడాదిన్నరగా, వినలేనన్న భయంతో, ప్రతి పనీ రెండేసిసార్లు చేస్తున్నాడు. నట్లు రెండుసార్లు బిగించడం. జిగురు రెండు పూతలు పూయడం. చెల్లెలి బండి గనుక మూడు పూశాడు. ఆ జిగురు మీద అతని బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టుంది.

ఆయిలు అందక మూడో సిలిండరు బేరింగు పైపూత పోయి రాగి బయటపడింది. బామ్మర్ది దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద మేస్త్రి ముందు పెట్టాడు.

పొద్దు వాలుతుండగా మేస్త్రి అలమర అడుగు నుంచి ఒక కొత్త ఆయిలు ప్రెషరు మీటరు తీశాడు. డాష్‌బోర్డులోని గుడ్డ లాగేసి దాన్ని అక్కడ బిగించాడు. వైరు కలిపి, తప్పిందేమో అని చూసి, మళ్లీ చూడబోయి ఆగాడు. చేతులు కడుక్కున్నాడు.

"రేపటినుంచి షెడ్డు తాళం నువ్వే తియ్యరా. నాకోసం ఎవరొచ్చినా ఉన్నమాట చెప్పు."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు బావా?"

"ముందు మీ అక్కకు చెప్పాలి. ఏడాదిన్నర తిట్లు గాల్లో కలిసిపోయాయని." నవ్వబోయాడు, మూతి వంకరపోయింది. "దానికి చెప్పడమంటేనే ఎక్కువ భయంగా ఉందిరా."

రోడ్డు వారగా, నాలుగడుగులకొకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ, ఇంటిదారి పట్టాడు. ఆ తర్వాత ఆ షెడ్డులో పానా పట్టింది లేదు.

మర్నాడు చెల్లెలు బండి చూసుకోవడానికొచ్చింది. ఇంజను ఇంకా ముక్కలుగా బల్ల మీదే ఉంది. ఆమె బండి తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది. ఎదురుగా మీటరు అద్దం మీద గీత గాని మరక గాని లేదు. దాని ఎర్ర ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంది.