అడగని సంతకం

మగ్దలీనమ్మ గూడూరులో ఒక ఆసుపత్రిలో మంత్రసాని. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏళ్లలో పదకొండు అద్దె ఇళ్లు మారింది. ఒక ఇంటివాళ్లు ప్రార్థన పాటలు వద్దన్నారు. ఇంకొక ఇంటివాళ్లు, కాన్పు పిలుపులకు వేళాపాళా లేదని ఖాళీ చేయమన్నారు. ట్రంకుపెట్టె బండికెక్కించిన ప్రతిసారీ, తాళంచెవి ఎవరికీ అప్పగించనక్కరలేని గది ఒక్కటి ఉంటే చాలనుకునేది.

1961లో రైలుకట్టకు అవతల నలభై అంకణాల ఇంటిస్థలం అమ్మకానికి వచ్చింది. అమ్మే మనిషి పద్మనాభయ్య అనే రైతు. అభ్రకం వ్యాపారంలో దిగాలని తొందరలో ఉన్నాడు. స్థలం ఆయన తండ్రి స్వార్జితం. తల్లి ఎప్పుడో పోయింది, తండ్రి పోయి మూడేళ్లు. దస్తావేజులు రాసే హజరత్తయ్య రిజిస్ట్రారు ఆఫీసులో పాత రికార్డులు వెతికించి, "తాకట్టు లేదు, తగాదా లేదు. కళ్లు మూసుకోని కొనొచ్చమ్మా" అన్నాడు. మగ్దలీనమ్మ కళ్లు మూసుకునే కొన్నది.

పునాదులు తవ్వుతున్న మూడో రోజు ఒకామె జట్కా దిగింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎవరినీ పలకరించకుండా తవ్విన మట్టి చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది.

"ఈ స్థలం నీకెవురమ్మినారు?"

"పద్మనాభయ్య గారు. మీరెవరమ్మా?"

"ఆయన చెల్లెల్ని, ఆదిశేషమ్మని. నన్ను వాకాడులో ఇచ్చినారు. మా నాయన స్థలం అమ్మేసినారని బస్సులో ఎవురో అనుకుంటా ఉంటే విన్నాను."

మగ్దలీనమ్మ దస్తావేజు తెచ్చి చూపించింది. ఆదిశేషమ్మ నిలబడే చివరిదాకా చదివింది.

"నా సంతకం లేదే ఇందులో" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. తప్పిపోయిన వస్తువును వెతుక్కునే మనిషిలా కాగితాన్ని ఇంకోసారి తిప్పి చూసి ఇచ్చేసింది.

మర్నాడే మగ్దలీనమ్మ ప్లీడరు దగ్గరికి పరుగెత్తింది.

"యాభై ఆరులో కొత్త చట్టం వచ్చిందమ్మా" అన్నాడాయన. "తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంటుంది. పద్మనాభయ్య తన సగమే అమ్మగలడు. నువ్వు కొన్నది ఇరవై అంకణాలే."

"రికార్డులన్నీ చూసినారు గదయ్యా!"

"రికార్డుల్లో రిజిస్టరైన కాగితాలుంటాయి. ఆ ఇంట్లో ఆడబిడ్డ ఉందని ఏ రికార్డు చెబుతుంది?"

పద్మనాభయ్య సొమ్ము అప్పటికే అభ్రకం గనిలో పోయింది. "చెల్లెలి చేత నేను సంతకం పెట్టిస్తాలే" అన్నాడు గాని, రెండు నెలలైనా వాకాడు ముఖం చూడలేదు. చివరికి మగ్దలీనమ్మే బస్సెక్కింది.

వాకాడులో ఆదిశేషమ్మది పెద్ద ఇల్లు, పన్నెండుమంది మనుషులు. ముంగిట్లో వడ్లు ఆరబోసి ఉన్నాయి. మాట్లాడుకోవడానికి చోటు లేక ఇద్దరూ వెనక గడ్డివామి చాటుకు పోయారు.

"సంతకం కోసం వచ్చినావు గదా?"

"అవునమ్మా. మీకెంత కావాలో చెప్తే..."

"నాకు డబ్బెందుకక్కా? ఇక్కడ నాకు తక్కువ చేసినోళ్లు లేరు. అయితే ఏ గదిలోకి బోయినా అది ఇంకొకరి గదే. ఆ స్థలం కొన్న దినం మా నాయన నన్ను తీసకపోయి, సగం నీది పాపా, సగం మీ అన్నకి అన్నాడు. నవ్వులాటకన్నాడో, నిజంగానే అన్నాడో. నేను మటుకు ఇన్నేళ్లూ మనసులో అక్కడ గోడలు కట్టుకుంటానే ఉండాను."

దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది మగ్దలీనమ్మ. "నీకు ఏ పక్క సగం కావాలమ్మా?" అని అడిగింది.

ఆదిశేషమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ మాట నన్నెవురూ అడగలేదు" అన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "తూరుపు పక్క" అన్నది.

పంపకం దస్తావేజు రాయించుకున్నారు. తూర్పు సగంలోని పునాదులు పూడ్పించి, మగ్దలీనమ్మ పడమటి సగంలో ఒక గది, చిన్న వరండా కట్టుకుంది. తాళం వేసిన మొదటి రోజు తాళంచెవి పిడికిట్లో పట్టుకునే ఆసుపత్రికి వెళ్లింది. అప్పటినుంచి ఆసుపత్రిలో ఎవరు స్థలం కొంటామన్నా, "రికార్డులు తర్వాత చూద్దురు. అమ్మేవాడికి అక్కచెల్లెళ్లు ఎంతమందో ముందు కనుక్కోండి" అనేది.

ఆదిశేషమ్మ ఏటా కోతలయ్యాక వచ్చేది. తన సగంలో అడుగులు వేస్తూ, "ఇక్కడ వాకిలి, ఇటు వంటగది" అని కొలుచుకునేది. తర్వాత ఎండ ఎక్కేదాకా ఆ ఖాళీ నేలమీద ఒక్కతే కూర్చునేది. అలా కూర్చున్నప్పుడు మగ్దలీనమ్మ పిలిచేది కాదు.

అరవై ఆరులో వానలు లేవు. తూర్పు సగం అమ్మి బావికి ఆయిలింజను కొందామన్నారు ఆదిశేషమ్మ అత్తింటివాళ్లు. ఆమె సంతకం పెట్టలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. గూడూరుకు మాత్రం మళ్లీ పంపలేదు. "అక్కా, నేను ఒప్పుకోలేదు. ఇప్పట్లో రాలేను" అని ఒక కార్డు వచ్చింది.

రెండు కోతలు గడిచినా ఆమె రాలేదు. ఈలోగా రైలుకట్ట పక్కన రోడ్డు పడింది. ఒక బేరగాడు వచ్చి రెండు సగాలకూ కలిపి మూడింతల ధర ఇస్తానన్నాడు. ఆ సంగతి చెప్పాలని మగ్దలీనమ్మ వాకాడు వెళ్లింది. నిజానికి చెప్పకపోయినా ఫరవాలేదు. ఆమెను చూడాలనిపించింది.

ఆదిశేషమ్మ జుట్టు నెరిసింది. మగ్దలీనమ్మ ధర సంగతి ఎత్తితే సగంలోనే ఆపేసింది.

"పెరగనీలే. వాన పడితే నా పక్క నీళ్లు నిలుస్తా ఉండాయా?"

"లేదమ్మా. అన్నీ నా పక్కకే పారతాయి."

ఆదిశేషమ్మ నవ్వింది. "గాలో?"

"పొద్దు వాలితే సముద్రం గాలి తగులుతుంది. ముందు నీ స్థలం మీదికొచ్చి, తర్వాతే నా వరండాలోకి వస్తుంది."

"మా ఊరి మీదుగానే పోతుంది గదా ఆ గాలి" అన్నది ఆదిశేషమ్మ నెమ్మదిగా. లోపలినుంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్నానని చెప్పి, మగ్దలీనమ్మ చేయి పట్టుకుని అక్కడే కూర్చుంది.

"ఇంకా చెప్పక్కా. గడ్డి మొలిచిందా?"