తలగుడ్డలో చద్దిముద్ద

ఆ శనివారం మధ్యాహ్నం లోపల ఎవరూ తీసుకుపోకపోతే కుక్కను కాల్చేస్తారు. తెల్లవారుజామున పేర్లు పిలిచే పెరట్టులో తోట లెక్కలు రాసే, మాట చివర మలయ్ వాళ్ల 'లా' తగిలించే కిరాణీ సెల్లప్పన్ ఈ మాట చెప్పి, ఎవరెవరు ఏ వరసలో రబ్బరు చెట్లు గీయాలో కూడా అదే గొంతుతో చెప్పేశాడు.

"నాలుగిట్లో మూడిటిని తీసుకుపోయినారు. అదొక్కటే ఉంది లా. కరిచే కుక్క. ముందు కుక్కను పెంచిన ఇల్లయితేనే ఇస్తానని దొరసాని చెప్తా ఉంది. ఎవరన్నా ఉన్నారా?"

దేవుడమ్మ తల వంచుకుని నిలబడింది. నోరు తెరిస్తే కుక్క బతుకుతుంది. తెరిస్తే తను జైలుకీ పోవచ్చు.

మలయాలో సుంగై సుమున్ వైపు ఆ రబ్బరు తోటలో అప్పటికి రెండేళ్లుగా కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె ఉంది. అడవిలో దాక్కుని తెల్లదొరల మీద పోరాడేవాళ్లకు తిండి అందకూడదట. ఆ తిండి మోసేది కూలీలేనట. అందుకని పొద్దున్న పనికి పోయేటప్పుడు గేటు దగ్గర కానిస్టేబుళ్లు బకెట్లు బోర్లించి, నడుములు తడిమి చూసేవాళ్లు. ఒక్క అన్నం మెతుకు గేటు దాటినా నేరమే. ఎండలో పన్నెండింటి దాకా చెట్లు గీసే ఆడదాని కడుపు ఏమైపోతుందో ఆ రూలు రాసినవాడికి పట్టలేదు. వాడు పొద్దున్నే గుడ్డూ రొట్టే తిని రాసి ఉంటాడు.

కడుపులే పట్టనివాళ్లకు కుక్కలెందుకు పడతాయి? పిచ్చికుక్కల భయం వచ్చిందని, కట్టులేని కుక్క కనబడితే కాల్చమని ఆర్డరు వచ్చింది. దొరసానికి మనసొప్పక నాలుగిటిని పట్టించి, కంచె బయట, రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇంటి పక్కన, పాత మేకల కొట్టంలో పెట్టింది. వాటికి ఎముకలు పంపమని వంటవాడికి చెప్పింది. వంటవాడికి గుర్తున్న రోజున పంపేవాడు.

దేవుడమ్మ గీసే చెట్లకు దారి ఆ కొట్టం పక్కనుంచే. మొదటి రోజు చెవి చిరిగిన నల్లకుక్క పలకల సందులోంచి మూతి పెట్టి ఆమెను చూసింది. ఊరికే చూసింది, అరవలేదు. రెండోరోజు నుంచి ఆమె జుట్టుముడికీ తలగుడ్డకీ మధ్య నిమ్మకాయంత చద్దిముద్ద ఉండేది. కానిస్టేబుళ్లు నడుము తడిమేవాళ్లు గానీ ఆడదాని తల మీద చెయ్యి వేసేవాళ్లు కాదు. చెయ్యి చాచి పెడితే కాపలా టవరు మీది పోలీసు చూస్తాడని, కాల్లో ముల్లు తీసుకుంటున్నట్టు కొట్టం పక్కన గొంతుక్కూర్చుని తల వంచేది. కుక్క సందులోంచి మూతి చాచి, పంటితో గుడ్డ అంచు లాగి, ముద్ద అందుకునేది. బొగ్గు అని పేరు పెట్టుకుంది. పన్నెండు రోజులుగా ఇదే పని.

ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది. కొట్టం తలుపు తీస్తే బొగ్గు తిన్నగా వచ్చి ఆమె తలగుడ్డ పట్టుకుంటుంది. గుడ్డలో తిండి ఉంటుందని దానికెవరు నేర్పారని పోలీసు అడగడా? పైగా ఆమె మొగుడు పోలయ్య యూనియన్ మాట ఎత్తినందుకు ఏడాదిగా నిర్బంధంలో ఉన్నాడు. ఇంకొకరికి చీవాట్లతో పోయేది ఆమెకు జైలు దాకా పోతుంది.

"ఏటే దేవుడమ్మా, నోట్లో రబ్బరుపాలు గడ్డకట్టీసినాయేటి?" పక్కనుంచి పాపమ్మ మోచేత్తో పొడిచింది. పాపమ్మది పక్క గది, నోరు మాత్రం లైనంతటికీ వినబడుతుంది. "పాత లైన్లకాడ రెండు కుక్కల్ని పెంచినావు కదా? పందుల్ని తరిమినాయి. సెప్పవేటి?"

ఆ రెండు కుక్కల మాట ఎత్తకపోయినా బాగుండేది. కంచెలోకి మార్చిన రోజు లారీలో కుక్కలకు చోటు లేదన్నారు. లారీ మలుపు తిరిగేలోపు వెనక రెండు తుపాకీ దెబ్బలు వినబడ్డాయి. దేవుడమ్మ ఆ రోజూ నోరు తెరవలేదు.

"నాను తీసుకుంతాను," అంది.

సెల్లప్పన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "మధ్యాహ్నం పాలు తూచినాక కొట్టం దగ్గరికి రా. దొరసాని, సార్జెంటు వస్తారు. పోయినవారం అది కానిస్టేబుల్ని కరిచింది కదా, ఆయన చూడాలంట. కొత్త మనిషి దగ్గర ఎట్లా ఉంటుందో చూసి ఇస్తారు."

కొత్త మనిషి! దేవుడమ్మ ఆ పూట గీసిన గీతలు సగం వంకరపోయాయి. ఆ ఉదయం తలగుడ్డలో ముద్ద పెట్టుకోలేదు, కొట్టం వైపు చూడనైనా లేదు. కుక్క పలకలు గీకే చప్పుడు మాత్రం వీపుకు తగిలింది.

పాలు తూచడం అయ్యాక తలగుడ్డ విప్పి, ఖాళీ బకెట్లో అడుక్కి కుక్కింది. అన్నం వాసన పోవాలని జుట్టుకు రెండుసార్లు నీళ్లు కొట్టుకుంది. పాలు పోసి వస్తున్న ఆడవాళ్లు పదిమంది వేడుక చూడ్డానికి ఆగారు. సెల్లప్పన్ పొమ్మన్నా పోలేదు.

దొరసాని కొట్టం తలుపు పక్కన నిలబడింది. మలయ్ సార్జెంటు జేబులోంచి చిన్న పుస్తకం తీసి పట్టుకున్నాడు. నడుముకు పిస్తోలు. దేవుడమ్మను పది అడుగుల దూరంలో నిలబెట్టారు.

తలుపు తీశారు.

బొగ్గు బాణంలా వచ్చింది. రెండు ముందుకాళ్లూ ఆమె భుజాల మీద వేసి తడిజుట్టు వాసన చూసింది. ఏమీ లేదు. కిందికి దిగి, బకెట్లో తల దూర్చి, తలగుడ్డను పళ్లతో పైకి లాగి విదిలించింది. మడతలో ఎండిపోయిన మెతుకులు రెండో మూడో గడ్డిలో రాలాయి.

సార్జెంటు వంగి ఒకటి తీశాడు. వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది అన్నమే లా," అన్నాడు మెల్లగా. "ఈ కుక్క నిన్ను ఎరుగును. గుడ్డలో వెతుకుతోంది. గేటు దాటి ఎన్ని రోజులుగా తెస్తున్నావు? కుక్కకేనా, ఇంకెవరికైనానా?"

కుక్కకే అంటే నేరం ఒప్పుకున్నట్టు. కాదంటే పోలయ్య పెళ్లాం ఎవరికి తెచ్చిందో వాళ్లే రాసుకుంటారు. బొగ్గు ఆమె కాళ్ల మధ్య కూర్చుని తోక ఆడిస్తోంది, తను చేసిన ఘనకార్యం చూడమన్నట్టు.

పుస్తకం తెరుచుకుంది.

"రాజా!"

పాపమ్మ గొంతు. బొగ్గు చెవులు నిక్కబొడుచుకుంది. ఒక్క గెంతులో పాపమ్మ దగ్గరికి పోయి, కాళ్లు భుజాల మీద వేసి, తలగుడ్డ అంచు పంటితో పట్టుకుంది.

"అడే కరుప్పా, వాడా!" అని, నల్లోడా రమ్మంటూ, ఆ వెనకనున్న కూలీ కామాచ్చి తమిళంలో పిలిచింది. కుక్క పాపమ్మను వదిలి కామాచ్చి తల మీదికి ఎగబడింది. ఇంకెవరో "పులీ!" అన్నారు. అక్కడికీ పోయింది. పిలవనివాళ్ల దగ్గరికి కూడా పోయింది. దేవుడమ్మతో కలిపి వరసగా పదకొండు తలలు. ఒక్క తలా వదల్లేదు. ప్రతి తలగుడ్డా లాగి, మూతి పెట్టి, ఇవాళ ఎవరి దగ్గరా ఏమీ లేదేమిటని మూలిగింది.

పాపమ్మ గుడ్డ సర్దుకుంటూ దేవుడమ్మ పక్కకొచ్చి నిలబడింది. మిగతావాళ్లూ వచ్చారు.

"నీకొక్కదానికే జాలుందనుకున్నావేటే?" అంది పాపమ్మ, పెదవులు కదలకుండా. "నువ్వు ముల్లు తీసుకున్న సోటనే నానూ ముల్లు తీసుకున్నాను."

సార్జెంటు పదకొండు మొహాలూ చూశాడు. ఒకరి పేరు రాస్తే పదకొండూ రాయాలి. సెల్లప్పన్ వినయంగా సార్జెంటుకు దగ్గరగా జరిగాడు. "తువాన్, వీళ్లు మొత్తం పోతే ఇక ఈ వైపు చెట్లు గీసేవాళ్లు ఉండరు లా. దొర నన్ను అడుగుతాడు." రబ్బరు మంచి రేటు మీదున్న కాలం. ఒక్కరోజు పాలు పోతే దొర ఎలా అరుస్తాడో సార్జెంటుకూ తెలుసు.

దొరసానికి ఎంత అర్థమయిందో గానీ, చేతిలో గొలుసు పట్టుకుని పదకొండు మందినీ చూసింది. సెల్లప్పన్ను ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఇందులో అనుభవమున్న ఇల్లు ఏదని అడుగుతోంది," అన్నాడు సెల్లప్పన్.

పాపమ్మ దేవుడమ్మను వీపు మీద తోసింది. దేవుడమ్మ వెళ్లి గొలుసు అందుకుంది. ఒక్కసారి తప్పి రెండోసారికి కొక్కెం కుక్క మెడకు తగిలించింది.

సార్జెంటు పుస్తకం మూశాడు. "సోమవారం నుంచి తలగుడ్డలు కూడా విప్పి దులపాలి. మెతుకు దొరికిందా, అప్పుడు కుక్కా లేదు, మీరూ లేరు."

సోమవారం పొద్దున్న గేటు దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడి తలగుడ్డలు విప్పారు. కానిస్టేబులు ముందు ఒక్కొక్కరే విదిలించారు. ఏమీ రాలలేదు. వెనక, లైనులో దేవుడమ్మ గుమ్మానికి కట్టిన నల్లకుక్క గుడ్డ విదిలించిన ప్రతిసారీ లేచి, గొలుసు లాగి, అరిచింది. పదకొండుసార్లు అరిచింది.

"దానికేమయింది?" అన్నాడు కానిస్టేబులు.

"ఆకలి," అంది దేవుడమ్మ. తలగుడ్డ చుట్టుకుని, చెట్లు గీసే ఉలి పట్టుకుని, గేటు దాటింది.